పన్నెండు మందికి బల్ల

పన్నెండు మందికి చెప్పిపెట్టిన చోటు లేదని నవనీతకు తెలిసేసరికి ఆ పన్నెండు మందీ హోటల్ మెట్లు ఎక్కుతూనే ఉన్నారు.

ముందు ఆమె గైడు ప్రొఫెసర్ ఆనందరావు, ఆయన పక్కన ధార్వాడ నుంచి వచ్చిన ఎగ్జామినర్, వాళ్ల వెనక వృక్షశాస్త్ర విభాగం అధ్యాపకులు ఆరుగురు. ఆ తర్వాత నవనీత స్నేహితురాలు, జూనియర్ స్కాలర్ ఎవాంజెలిన్. అందరికన్నా చివర, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ నవనీత తల్లిదండ్రులు చంద్రయ్య, బుచ్చవ్వ. గంట కిందటే క్యాంపస్‌లో వైవా ముగిసింది. జొన్న కంకికి పట్టే బూజు మీద నవనీత ఆరేళ్లు చేసిన పని బాగుందనీ, డాక్టరేటు ఇవ్వవచ్చనీ ఎగ్జామినర్ అందరి ముందూ చెప్పాడు. చంద్రయ్యకు ఇంగ్లీషు అర్థం కాకపోయినా చప్పట్లు అర్థమయ్యాయి. వైవా అయ్యాక పెద్దలకు స్కాలరే భోజనం పెట్టించడం ఆనవాయితీ. నవనీత వారం ముందే తార్నాకలోని ఈ హోటల్‌కు వచ్చి, పై అంతస్తు ఏసీ హాలు కావాలని చెప్పి, పేరూ ఫోన్ నంబరూ రాయించి వెళ్లింది.

అందరి కన్నా ముందు పైకి ఉరికి ఆ హాలు తలుపు తీసింది. లోపల బెలూన్లు కట్టి ఉన్నాయి. ఎవరో ఏడాది బిడ్డకు కేకు కోయిస్తున్నారు. ముప్పై మంది దాకా ఉన్నారు.

అప్పుడే నీళ్ల గ్లాసుల ట్రే పట్టుకుని, వారం కిందట బుకింగు రాసుకున్న మనిషి ఎదురొచ్చాడు. యాభై దాటిన బక్కమనిషి. మెరూన్ చొక్కా జేబు మీద పరుశురాం అని పేరున్న బిళ్ల. నవనీతను చూసి ఆగిపోయాడు. ఆమె భుజం మీదుగా మెట్ల మీది మనుషులను చూశాడు.

“మీరు ఇయ్యాల వచ్చిండ్రా మేడం?” అన్నాడు.

ఆ ప్రశ్నకే ఆమెకు ఒళ్లు మండింది. ఇయ్యాలనే కదా చెప్పింది అంది. పరుశురాం ట్రేను పక్క గూట్లో పెట్టి, జేబులో నుంచి ఫోన్ సగం బయటికి తీసి, మళ్లీ లోపలికి తోసేశాడు. “రెండే నిమిషాలు మేడం. కింద చేస్తా,” అని మెట్లు దిగాడు.

కింద ఖాళీ ఉన్నది వంటగది తలుపు పక్కనే. పరుశురాం రెండు పెద్ద బల్లలూ ఒక చిన్న బల్లా కలిపి జరిపాడు. చిన్నదాని కాలు ఊగుతుంటే వంగి దానికింద న్యూస్‌పేపరు నాలుగు మడతలు పెట్టాడు. పరిచిన గుడ్డ చివరిదాకా చాలలేదు. దాని మీద పాత పప్పు మరక ఒకటి కనిపిస్తుంటే ఉప్పు డబ్బాను తెచ్చి దానిమీద పెట్టాడు. ఎంత సర్దినా పది మందికే సరిపోయింది. మేము గాడ కూసుంటం తియ్యి అంటూ చంద్రయ్య తనే చేతులు కడుక్కునే బేసిన్ పక్కనున్న బల్ల దగ్గరికి నడిచాడు. నవనీత వద్దనాలనుకుంది. అప్పటికే ఆనందరావు కుర్చీ లాక్కుని కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. ఎగ్జామినర్ రైలు సికింద్రాబాద్‌లో మూడుంపావుకు.

ఆ తర్వాత గంటన్నర నవనీత కూర్చోలేదు. నీళ్లు పావుగంటకు వచ్చాయి. సూపు ఆరుగురికి తెచ్చి, మిగతా ముగ్గురికీ తేవడం మరిచారు. రొట్టెలు వచ్చేసరికి కూర లేదు. కూర వచ్చేసరికి రొట్టెలు తోలులాగా సాగుతున్నాయి. ఏడు బిర్యానీలు చెబితే మూడు వచ్చాయి, అవీ అడుగంటిన వాసనతో. వంటగది తలుపు తెరుచుకున్నప్పుడల్లా పొగ, దాంతోపాటు లోపలివాళ్ల కేకలు బల్లమీదికి వచ్చి పడుతున్నాయి. పై హాలుకు ట్రేల మీద ట్రేలు పోతున్నాయి. కింద మాత్రం పరుశురాం ఒక్కడే, ఎడమ మోచేతి మీద నాలుగు ప్లేట్లు పేర్చుకుని, నడకకూ పరుగుకూ మధ్య తిరుగుతున్నాడు. ఎగ్జామినర్ శాకాహారి, చప్పిడి తిండి మనిషి. ఆయన అడిగింది పెరుగన్నం ఒక్కటే. అది రాలేదు. రెండు అప్పడాలు తిని, నీళ్లు తాగి, రెండున్నరకు లేచి, పర్వాలేదమ్మా, రైల్లో ఏదో ఒకటి దొరుకుతుందిలే అని నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పి ఆటో ఎక్కాడు. ఆయన నవ్వడమే నవనీతకు ఎక్కువ బాధ అనిపించింది.

ఆయనను పంపి లోపలికి వచ్చిన ఆనందరావు కూర్చోలేదు. బుకింగు ఎవరు తీసుకున్నారని అడిగాడు.

నేనే సార్ అన్నాడు పరుశురాం.

“తీసుకుని ఏం చేశావు? రాసుకోవడం కూడా రాదా? మూడొందల మైళ్ల నుంచి వచ్చిన పెద్దమనిషి మా ముందు ఆకలితో లేచి వెళ్లిపోయాడు. నీకు సిగ్గుగా లేదూ?”

పరుశురాం నవనీత వైపు ఒకసారి చూశాడు. జాలిపడమని అడుగుతున్నాడనుకుంది ఆమె. “మీ ఒక్క మాట నమ్మి అందర్ని తోల్కొచ్చిన అన్నా,” అంది. “మా అమ్మనాయిన ముంగట నా పరువు తీసిండ్రు.”

అతడు చేతిలోని ఖాళీ ప్లేట్లను కడుపుకు ఆనించుకుని, “పొరపాటైంది సార్. నాదే,” అన్నాడు.

కౌంటరు దగ్గరి నుంచి మేనేజర్ దేవేందర్ వచ్చి ఆనందరావుకు చేతులు జోడించి, అదే ఊపులో పరుశురాం మీదికి తిరిగాడు. చుట్టూ బల్లల వాళ్లు తినడం ఆపి విన్నారు. బేసిన్ పక్కన చంద్రయ్య, బుచ్చవ్వ మాత్రం తలలు వంచుకుని ఉన్నదేదో కెలుకుతూ కూర్చున్నారు.

*

శనివారం పదిన్నరకు ఆనందరావు పిలిస్తే నవనీత డిపార్ట్‌మెంటుకు వెళ్లింది. ఆయన గదిలో కిటికీ పక్క బల్ల మీద ఆమె నీలం ఫైలు ఉంది. అందులో ఎగ్జామినర్ సంతకం చేసిన వైవా రిపోర్టు. దాన్ని ఆయన ఎగ్జామినేషన్ బ్రాంచికి పంపితే, వాళ్లు ప్రొవిజనల్ సర్టిఫికెట్టు ఇస్తే, ఇరవయ్యో తారీఖులోగా హబ్సిగూడలోని డిగ్రీ కాలేజీలో చూపితే ఆమెకు లెక్చరర్ ఉద్యోగం. ఎన్నో నెలలుగా ఆ వరుసను ఆమె మనసులో జపంలాగా తిప్పుకుంటోంది. ఆనందరావు మంచి గురువే. చెప్పిన అక్షరం తప్పకూడదు, అంతే. ఒక స్కాలరు తనతో ఎదురు మాట్లాడాడని అతని అధ్యాయాన్ని నాలుగు నెలలు చదవకుండా పక్కన పెట్టాడని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు.

ఆయన ఫోన్‌ను ముక్కుకు దగ్గరగా పెట్టుకుని ఒక్క వేలితో టైపు చేస్తున్నాడు. హోటల్ గురించి నెట్‌లో రివ్యూ పెట్టేశానన్నాడు. బిళ్ల మీది పేరు గుర్తుంది కాబట్టి పేరుతో సహా పెట్టాడట. ఓనరుతో కూడా మాట్లాడాడట.

“మర్యాదస్తుడేనమ్మా. ఆ మనిషిని సోమవారం దాకా రావద్దన్నాడట. సోమవారం తాను ఊరి నుంచి రాగానే పనిలోంచి తీసేస్తానన్నాడు. అయితే కంప్లయింటు లిఖితపూర్వకంగా కావాలన్నాడు. నువ్వు ఏ రోజు బుక్ చేశావు, వాళ్లు మళ్లీ ఫోన్ చేశారా లేదా, తారీఖులతో చూసి చెప్పు.”

నవనీత వరండాలోకి వచ్చి ఫోన్ తీసింది. వాళ్లు ఫోన్ చేయలేదని ఆమెకు తెలుసు. తారీఖు కోసం మాత్రమే వెతికింది. గురువారం సాయంత్రం ఐదూ నలభై రెండుకు ఒక పేరులేని నంబరు. మాట్లాడింది పంతొమ్మిది సెకన్లు.

అక్కడే నిలబడిపోయింది. గురువారం ఆ వేళకు తాను సెమినార్ హాల్లో కుర్చీ మీద నిలబడి ఉంది. ప్రొజెక్టరు వెలుగు గోడమీద వంకరగా పడుతుంటే ఎవాంజెలిన్ కింద కుర్చీ పట్టుకుంది. ఫోన్ మోగింది. మేడం, ఫలానా చోటి నుంచి మాట్లాడుతున్నం, రేపటిది అని ఏదో అన్నారు. రోజుకు నాలుగు లోన్ల ఫోన్లు వస్తాయి. “మాకేం వద్దండి, అవసరం లేదు,” అని పెట్టేసింది.

పర్సులో హోటల్ కార్డు ఉంది. హోటల్ ఫోన్ పాడైందనీ, ముందురోజు తన ఫోన్ నుంచే అడుగుతాననీ చెప్పి పరుశురాం దాని వెనక తన నంబరు రాసిచ్చాడు. ఒక్కో అంకె పోల్చి చూసుకుంది. చివరి అంకె దాకా అదే.

మళ్లీ గదిలోకి వెళ్లింది. చెప్పాలనే వెళ్లింది. ఆనందరావు తల ఎత్తకుండానే దొరికిందా అన్నాడు. నీలం ఫైలు ఆయన మోచేతి కింద ఉంది.

“దొరకలేదు సార్,” అంది.

సరేలే, సోమవారం చూసి చెప్పమని ఆయన మళ్లీ ఫోన్‌లో మునిగాడు. ఆమె హాస్టల్ దాకా నడిచింది. దారిలో ఇద్దరు జూనియర్లు ఎదురొచ్చి కంగ్రాట్స్ అక్కా అని చేతులు పట్టుకుని ఊపారు. ఆ పూట మెస్‌లో కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచింది.

*

చంద్రయ్య, బుచ్చవ్వ గోల్నాకలో చుట్టాలింట్లో దిగారు. ఆదివారం పొద్దున బస్సెక్కించడానికి నవనీత వెళ్లింది. బస్టాపులో నిలబడ్డప్పుడు ఆమె తనంతట తానే, మొన్న మీకు మంచి తిండి పెట్టించలేకపోయిన అంది.

బుచ్చవ్వ వింతగా చూసింది. “నాకేమైంది బిడ్డా? మంచిగనే తిన్న. గా బక్కాయన ఒక్కడే ఎంత మందికని ఉరుకుతడు. నేను స్టూలు మీద కూసుంటే, నడుము నొస్తుందని నేను చెప్పనే లేదు, వచ్చి వెనక ఆనుకునే కుర్చేసి పోయిండు. మీ సార్ గంతగనం తిట్టంగ నాకైతే బువ్వ దిగలే.”

చంద్రయ్య సంచి భుజం మార్చుకుని, పని చేసేటోనికే మాటొస్తది, ఎక్కడైనా అంతే అన్నాడు. బస్సు వచ్చింది. వాళ్లు ఎక్కాక నవనీత హాస్టల్‌కు పోలేదు. ఆటో పట్టుకుని తార్నాక వెళ్లింది.

మేనేజర్ దేవేందర్ ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు. మళ్లీ గొడవకు వచ్చిందనుకున్నాడు. పరుశురాం ఇల్లు ఎక్కడని ఆమె అడిగేసరికి ఇంకా అనుమానపడ్డాడు. అతనితో మాట్లాడాల్సింది ఉందనీ, తప్పు అతనిది కాకపోవచ్చుననీ చెప్పింది. దేవేందర్ కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి వారాసిగూడలో ఏ గల్లీయో చెప్పాడు. “పదకొండేండ్లయింది మేడం గీడ పనిచేయవట్టి. ఇట్ల ఎన్నడు చెయ్యలేదు. నాకు గూడ సమజైతలేదు,” అన్నాడు.

వారాసిగూడ గల్లీలో ఇల్లు కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మేడ మీద రెండు గదులు. తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని పరుశురాం భార్య కాశమ్మ చీరకు ఫాల్ కుడుతోంది. పక్కన ఇంకో ఐదారు చీరలు మడతలతో ఉన్నాయి. పరుశురాం లుంగీ మీద, బనీను మీద ఉన్నాడు. ఆమెను చూసి లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చాడు. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, తాను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నవనీత నీళ్లు తాగలేదు. ఫోన్ తీసి గురువారం కాల్ చూపించింది. “నేనే వద్దన్న అన్నా. ఏదో లోన్ ఫోన్ అనుకున్న. నిన్ననే చూసిన,” అంది.

అతడు ఫోన్ వైపు చూడలేదు. “నాకు తెల్సు మేడం.”

“తెల్సా?”

“ఫోన్ చేసింది నేనే గద. మీరు అవసరం లేదంటే పార్టీ క్యాన్సిలయిందనుకున్న. ఆ సాయంత్రమే బర్త్‌డే వాళ్లు అడిగితే హాలిచ్చిన. మీరు మెట్లెక్కి రాంగనే ఫోన్ తీసిన, చూపెడ్దామని.”

మరి ఎందుకు చూపలేదని ఆమె అడగలేకపోయింది. అడగకపోయినా అతడే చెప్పాడు. తొందర లేకుండా, ఆర్డరు తిరిగి చదివి వినిపించేటట్టు చెప్పాడు.

“మీరు పరువు తీసిండ్రన్నప్పుడైతే నాలుక చివరిదాక వచ్చింది. గని మీ నాయిన గాడ్నే కూసున్నడు. కొత్త ధోతి కట్టుకొని వచ్చిండు, మడతలు గూడ పోలేదు. నేను నోరు తెరిస్తే ఆ సార్ మిమ్మల్ని అంటడు, మీ నాయిన ముంగట. నన్నంటే ఏమున్నది, రోజు ఎవరో ఒకరు అంటనే ఉంటరు. గింత దూరం పోతదని మాత్రం అనుకోలే.” కొంచెం ఆగి, నేల చూస్తూ నవ్వాడు. “ఇంటికొచ్చినంక మస్తు తిట్టిన మేడం. మిమ్మల్నే. ఈమెనడుగుండ్రి.”

కాశమ్మ తల ఎత్తలేదు. సూది ఆగలేదు.

రేపు సార్‌కు చెబుతానంది నవనీత. పరుశురాం వెంటనే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయో అడిగి తెలుసుకున్నాడు. తెలిశాక తల అడ్డంగా ఊపాడు. పెద్ద సార్లను రోజూ చూస్తూనే ఉంటాననీ, నలుగురిలో తమ మాట తప్పయిందంటే వాళ్లకు ఎంత కోపం వస్తుందో తనకు తెలుసుననీ అన్నాడు. “మీ పని అయిపోనియ్యిండ్రి. ఆ కాయితం చేతికి వచ్చినంక చెప్పుండ్రి. ఆరేండ్ల కష్టం మేడం. నేను ఇంకో హోటల్ల చూస్కుంటా అప్పటిదాక.”

నవనీత గుండెల మీది నుంచి బరువు దిగినట్టనిపించింది. ఆ మాట కోసమే వచ్చానేమో అని కూడా అనిపించింది. అతడే చెప్పాడు కదా. పది రోజులు. ప్రొవిజనల్ రాగానే చెప్పేయొచ్చు.

కాశమ్మ దారం పంటితో కొరికింది. చీర మడిచి పక్కన పెట్టింది.

“ఆమె పని అయిపోయినంక,” అంది మొగుడితో. గొంతు పెద్దది చేయలేదు. “మరి మన పని? యాభై రెండేండ్లొచ్చినయ్ నీకు. పేరు పెట్టి నెట్‌ల రాసినంక ఎవడు పెట్టుకుంటడు?” అని, ఇంకో చీర తీసుకుని సూదిలోకి దారం ఎక్కించడానికి వెలుతురు వైపు పట్టుకుంది.

దారం మూడోసారికి ఎక్కింది. నవనీత గ్లాసెత్తి నీళ్లన్నీ తాగి లేచింది. “రేపే చెప్తా అక్కా,” అంది కాశమ్మతో.

*

సోమవారం ఆనందరావు పదింబావుకు వస్తాడు. నవనీత తొమ్మిదిన్నరకే ఆయన గది ముందు నిలబడింది. ముందురోజు ఎవాంజెలిన్‌కు అంతా చెప్పింది. ఎవాంజెలిన్ భయపెట్టలేదు, ధైర్యమూ చెప్పలేదు. నేను బయట ఉంటానక్కా అని మాత్రం అని, ఇప్పుడు వరండా చివర గోడ మీది నోటీసులు చదువుతోంది. అటెండర్ లక్ష్మయ్య గది తాళం తీసి, కిటికీలు తెరిచి, కుర్చీ తుడిచి వెళ్లాడు. తలుపు సందులోంచి బల్ల కనిపిస్తోంది. కిటికీ పక్క నీలం ఫైలు లేదు. సొరుగులో పెట్టి ఉంటాడనుకుంది.

ఆనందరావు వచ్చాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. మొదటి వాక్యం రాత్రంతా తయారు చేసుకుంది. అది గుర్తు రాలేదు.

“సార్, హోటల్ వాళ్లు గురువారం నాకు ఫోన్ చేసిండ్రు. నేనే లోన్ ఫోన్ అనుకొని అవసరం లేదని పెట్టేసిన. వాళ్ల తప్పు లేదు సార్. ఆయన తప్పైతే అసలే లేదు.”

ఆయన ఫోన్ కింద పెట్టాడు. కళ్లజోడు తీసి, జేబురుమాలు వెతికి, ఒక అద్దం తుడిచి, రెండోది తుడవడం మరిచి పెట్టుకున్నాడు.

“శనివారం అడిగాను కదమ్మా. దొరకలేదన్నావు.”

“అబద్ధం చెప్పిన సార్.”

“ఎందుకు?”

వేరే జవాబులు కొన్ని ఉన్నాయి. కంగారు పడ్డానని చెప్పొచ్చు. అప్పటికి సరిగా చూడలేదనీ చెప్పొచ్చు.

“నా ఫైలు మీ దగ్గర ఉన్నది గద సార్,” అంది.

ఆనందరావు ఆమెను చూశాడు. ఆయన ముఖంలో కోపం కోసం వెతికింది నవనీత. అక్కడ ఉన్నది కోపం కాదు. తన ఇంట్లోనే ఎవరో తనను చూసి పక్కకు తప్పుకుంటే మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు. చాలాసేపు బల్ల అంచు మీది పెచ్చును గోటితో గీకాడు.

“శనివారం పన్నెండింటికే పంపించేశాను,” అన్నాడు చివరికి. “లక్ష్మయ్య తీసుకెళ్లి ఇచ్చి, ముట్టినట్టు సంతకం కూడా పెట్టించుకొచ్చాడు. నువ్వు వెళ్లిన గంటకే. ఇరవయ్యో తారీఖని నువ్వే కదా చెప్పావు.”

నవనీతకు ఆ మాట వెంటనే లోపలికి దిగలేదు. దిగాక, ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. రెండు రోజులుగా తాను దాచుకున్నదంతా ఆయన దగ్గర లేని ఫైలు కోసం. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏదీ బయటికి రానివ్వలేదు.

ఆయన హోటల్ ఓనరుకు ఫోన్ కలిపాడు. మాట మొదలుపెట్టే ముందు ఎందుకో లేచి నిలబడ్డాడు. “నమస్కారమండీ. శుక్రవారం సంగతి. మీవాళ్లు ఫోన్ చేశారట. మేమే వద్దన్నాం. పొరపాటు మా వైపే జరిగింది.” అవతలి మాట విన్నాడు. “లేదు లేదు. అతన్ని తీయవద్దు. పేరు పరుశురాం అండీ. అన్ని బల్లలూ ఒక్కడే చూశాడు ఆ పూట. అది నేను రాయలేదు.” మళ్లీ విన్నాడు. సరే, ఈ రోజే రమ్మనండి అని పెట్టేశాడు.

మేమే అన్నాడు. ఆమె పేరు చెప్పలేదు.

తర్వాత తన ఫోన్‌ను బల్ల మీదుగా ఆమె వైపు తోశాడు. రివ్యూ పెట్టడం మనవడు నేర్పాడనీ, తీయడం ఎలాగో తనకు తెలియదనీ అన్నాడు. నవనీత వెతికి పట్టుకుంది. పన్నెండు పంక్తులు. తప్పులు లేని, పదునైన ఇంగ్లీషు. తీసేయమంటారా అని అడిగితే తీసేయమన్నాడు. తీసేసి ఫోన్ తిరిగి ఇచ్చింది.

“అతని దగ్గరికి వెళ్లి చెప్పాలి నేను,” అన్నాడు కిటికీ వైపు చూస్తూ. కాస్త ఆగి, “చెప్పాలి గానీ, నా వల్ల అయ్యేట్టు లేదమ్మా. చూద్దాం,” అన్నాడు. ఆమె లేచింది. తలుపు దగ్గర ఉండగా వెనక నుంచి, “నవనీతా, ఇక నీకు నా దగ్గర ఏ సంతకమూ మిగిలి లేదు. అయినా అప్పుడప్పుడు రా,” అన్నాడు.

వస్తా సార్ అంది. ఈసారి ఆ మాటలో భయం లేదని తనకే తెలిసింది. వరండా చివర ఎవాంజెలిన్ అదే నోటీసు ముందు నిలబడి ఉంది. ఏమైందని అడగబోయి నవనీత ముఖం చూసి మానేసింది.

బయటికొచ్చి పరుశురాంకు ఫోన్ చేసింది. ఎత్తింది కాశమ్మ. ఇప్పుడే మేనేజర్ ఫోన్ చేసి పిలిస్తే, తొందర్ల ఫోన్ ఇంట్లనే ఇడిచి పోయిండని చెప్పింది. “మంచిది బిడ్డా,” అంది కాశమ్మ, పెట్టేసింది.

*

మంగళవారం మధ్యాహ్నం నవనీత, ఎవాంజెలిన్ ఆ హోటల్‌కు వెళ్లారు. దేవేందర్ కౌంటరు దగ్గరి నుంచి తల ఊపాడు. క్షమాపణా అడగలేదు, ప్రత్యేకంగా మర్యాదా చేయలేదు. చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఒకేసారి వచ్చి పడ్డట్టు జనం. చోటు దొరికింది మళ్లీ వంటగది తలుపు పక్కనే.

రెండు మీల్స్ చెప్పారు. నీళ్లు పది నిమిషాలకు వచ్చాయి. అన్నం రాకముందే సాంబారు వచ్చింది. ఎవాంజెలిన్ చెప్పిన గుత్తివంకాయ బదులు బెండకాయ వేపుడు తెచ్చిపెట్టారు. ఆమె పిలవబోయి, అందరూ తలా ఒక వైపు పరుగెత్తుతుంటే చూసి, బెండకాయ తన వైపు లాక్కుంది.

పరుశురాం మెరూన్ చొక్కాలో, మోచేతి మీద ప్లేట్లతో రెండుసార్లు వాళ్లను దాటుకుంటూ వెళ్లాడు. మొదటిసారి చూశాడు. రెండోసారి చిన్నగా తల ఊపాడు. మాట్లాడే తీరిక లేదు. పై హాలు నుంచి ఎవరో పిలిచారు, కింద మూల బల్ల వాళ్లు గ్లాసు బల్లకేసి కొడుతున్నారు. అతడు అటు వెళ్లి, ఇటు వచ్చి, వంటగదిలోకి పోయి ఒక రొట్టెల బుట్టతో బయటపడ్డాడు. చెమటకు బిళ్ల కింద చొక్కా తడిసి నల్లబడింది.

శుక్రవారం నుంచి సరిగా తినలేదని నవనీతకు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే తెలిసింది. పప్పులో ఉప్పు ఓ వీసం తక్కువ. పచ్చడి మాత్రం బాగుంది. కలిపిందంతా తినేసి, సాంబారుకు అన్నం చాలదని చూసుకునే లోపల, పరుశురాం అన్నం బేసిన్ చంకలో పెట్టుకుని బల్ల పక్కన నిలబడ్డాడు.

“ఇంకింత పెట్టాల్నా మేడం?”

“పెట్టు అన్నా,” అంది.

అతడు గరిటెతో నిండుగా తీసి ఒకసారి పెట్టాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇంకోసారి పెట్టి, పక్క బల్లకు కదిలాడు.